చెరువులో ఏ వేటచేప వేయాలి? ముందు దాని నోరు చూడండి, తర్వాత మీ నీళ్లలో తిండి చూడండి

చెరువులో వేటచేప, అంటే సాటి చేపలను వేటాడి తినే చేప, వేయాలనుకునేవాళ్లలో "ఏది త్వరగా పెరుగుతుంది?" అని అడిగేవాళ్లే ఎక్కువ. నేనూ మొదట్లో అదే అడిగాను. కానీ ఒకే చెరువులో, ఒకే రోజు వేసిన, ఒకే జాతి పిల్లల్లో ఏడాది తిరిగేసరికి ఒకటి కిలో దాటి తూగుతుంటే దాని తోబుట్టువు పావుకిలో దగ్గరే ఆగిపోయి కనపడుతుంది. అక్కడ జాతి తేడా ఏమీ లేదు, తిండి దొరకడంలోనే తేడా. అందుకే ఎవరైనా సలహా అడిగితే నేను ఎదురు అడిగేది ఒకటే: మీ నీళ్లలో ఇప్పుడు తినడానికి ఏముంది, అది ఏ సైజులో ఉంది? దానికి జవాబు లేకుండా కొరమీనా, పండుగప్పా, లార్జ్‌మౌత్ బాస్ చేపా అని తేల్చుకోవడం పొయ్యిలో కట్టెలు లేకుండా ఎసరు పెట్టడమే.

ఒకసారి మా చెరువులో పట్టిన కొరమీను ఒకటి 38 సెంటీమీటర్లు ఉంది, కానీ తల పెద్దది, ఒళ్లు సన్నం, పొట్ట లోపలికి పోయింది. కడుపు కోసి చూస్తే తూనీగ పిల్ల పురుగులు మూడు, చిన్న రొయ్య ఒకటి, ఏదో కప్ప కాలు. అంతే. అదే చెరువులో అరచేతి మందాన బొచ్చెలు గుంపులు గుంపులుగా తిరుగుతున్నాయి. చెరువు నిండా చేప ఉంది, ఆ కొరమీను నోట్లో పట్టే చేప మాత్రం లేదు. ఈ ఒక్క విషయం ముందే అర్థమై ఉంటే నాకు రెండేళ్లు కలిసొచ్చేవి.

నోటి లెక్క

వేటచేపలు చాలావరకు నమలవు, మింగుతాయి. అంటే ఎంత పెద్దది తినగలదు అనేది దాని నోరు ఎంత తెరుచుకుంటుంది, గొంతు ఎంత సాగుతుంది అనే దాని మీదే ఆధారపడుతుంది. తినబడే చేప విషయంలో పొడవు కంటే ఒంటి ఎత్తు ముఖ్యం. పైక్ (చల్లటి దేశాల వేటచేప) లాంటిది, సన్నగా పొడుగ్గా ఉండే చేపైతే తన పొడవులో సగం ఉన్నా మింగేస్తుంది, కానీ తిలాపియా, బొచ్చె లాంటి వెడల్పాటి చేప ఆ పొడవులో గొంతుకు అడ్డం పడుతుంది. పైగా తిలాపియాకు వీపు మీద ముళ్లుంటాయి, తల వైపు నుంచి మింగితే ముళ్లు వెనక్కి పడుకుంటాయి, తోక వైపు నుంచి పట్టుకుంటే కక్కేయాల్సిందే. మామూలుగా వేటచేప తన పొడవులో పావు నుంచి మూడో వంతు ఉన్న చేపను పట్టినప్పుడు దానికి బాగా గిట్టుబాటు అవుతుంది.

గిట్టుబాటు అనే మాట ఊరికే వాడలేదు. తిన్నదాంట్లో మొదటి వాటా ఊపిరికి, ఈతకు, అరుగుదలకు పోతుంది, మిగిలిందే ఒంటికి పడుతుంది. అరవై సెంటీమీటర్ల చేప నాలుగు సెంటీమీటర్ల చిరుచేపల వెంట పొద్దస్తమానం తిరిగితే వచ్చింది వచ్చినట్టే ఖర్చయిపోతుంది. అది చావదు, పెరగదు. పొడవు కొద్దికొద్దిగా జరుగుతుంది, బరువు మాత్రం అక్కడే ఉంటుంది. చేపలు పెద్దవి కావట్లేదని మేత తగ్గిందేమో అనుకుని మరిన్ని చిరుచేపలు వేసేవాళ్లను చూశాను. సంఖ్య పెంచి లాభం లేదు, సైజు పెరగాలి.

ఇక ఎంత కావాలి? పచ్చి చేపను తినే వేటచేప ఒక కిలో పెరగడానికి దగ్గరుండి మేపితేనే సుమారు నాలుగు నుంచి ఏడు కిలోల చిన్నచేప తింటుంది, చెరువులో తనే వెతుక్కుని తినేదైతే పది దాకా పోవచ్చు. వంద వేటచేపలు ఒక్కోటి రెండు కిలోలు పెరగాలంటే మొత్తం రెండు వందల కిలోల పెరుగుదల, కిలోకు ఐదు చొప్పున చూసినా ఒక టన్ను మేతచేప కడుపుల్లోకి పోవాలి. అది పోయాక కూడా మళ్లీ గుడ్లు పెట్టడానికి తల్లిచేపలు మిగలాలి. కాగితం మీద ఈ లెక్క వేసి చూస్తే చాలామంది తాము వేద్దామనుకున్న పిల్లల సంఖ్యను సగానికి తగ్గిస్తారు.

అమెరికాలో అలబామాలోని ఆబర్న్‌లో హోమర్ స్వింగిల్ అనే ఆయన చెరువుల్లోని చేపలన్నీ బయటికి తీసి తూచి, 1950లో ఒక కొలత ఇచ్చాడు. మేతచేపల మొత్తం బరువును వేటచేపల మొత్తం బరువుతో భాగించండి. 3 నుంచి 6 మధ్య వస్తే చెరువు బాగా కుదురుగా ఉన్నట్టు. బాస్ అనే వేటచేప, దానికి మేతగా వేసే బ్లూగిల్ అనే చేప ఉన్న చెరువుల కోసం తేల్చిన లెక్క ఇది, అన్నిటికీ అచ్చుగుద్దినట్టు సరిపోదు. అయినా ఒక కిలో వేటచేప వెనక కనీసం మూడు కిలోల మేతచేప నీళ్లలో నిలబడి ఉండాలి అన్న అవగాహన ఏ జాతికైనా పనికొస్తుంది.

నీటి వేడి కూడా ఇందులో భాగమే. చేప ఒంటి వేడి నీళ్ల వేడే. చల్లటి నీళ్లలో పైక్ ఒక మంచి మేత మింగితే అరగడానికి రోజులు పడుతుంది, ఆ రోజులన్నీ కదలకుండా ఉంటుంది. పాతిక డిగ్రీలు దాటిన నీళ్లలో కొరమీను లాంటి చేపకు అదే మోతాదు మేత చాలా త్వరగా అరిగి మళ్లీ ఆకలి వేస్తుంది. వేడి నీళ్లలో పెరుగుదల ఎక్కువ అనడం సగం నిజం, ఎందుకంటే తిండి సరిపోకపోతే చిక్కిపోవడం కూడా వేడి నీళ్లలోనే ఎక్కువ.

కొరమీను

లోతు తక్కువ, కలుపు ఎక్కువ ఉన్న నీళ్లకు దీన్ని మించింది లేదు. తల దగ్గర గాలి పీల్చే ప్రత్యేకమైన అవయవం ఉంటుంది కాబట్టి నీళ్లలో ఆక్సిజన్ పడిపోయినా పైకొచ్చి గుటక వేసుకుని బతుకుతుంది. అసలు పైకి రానివ్వకపోతేనే ఊపిరాడక చస్తుంది, అందుకే వల కింద ఎక్కువసేపు నొక్కి ఉంచకూడదు. చెరువు ఎండితే తడి బురదలో దూరి కొన్నాళ్లు ఆగగలదు. తల్లీతండ్రీ పిల్లలను కాపాడతాయి. ఎర్రటి పిల్లలు బంతిలా ముద్దకట్టి నీటి పైపొరలో బుడబుడమంటూ కదులుతుంటే కింద నీడలా పెద్దచేప తిరుగుతుంటుంది, దగ్గరికి చెయ్యి పెడితే మీదికి దూకుతుంది కూడా.

తిండి విషయంలో దీని మెట్లు గుర్తుపెట్టుకోవాలి. మొదట కంటికి ఆనని నీటిపురుగులు, తర్వాత కీటకాల పిల్లపురుగులు, చిన్న రొయ్యలు, ఆ తర్వాత చేపలు, కప్పలు. ఈ మెట్లలో ఒక మెట్టు విరిగితే అక్కడే ఆగిపోతుంది, లేదా పక్కనున్న తోబుట్టువును తినేస్తుంది. రెండోదే ఎక్కువ జరుగుతుంది. నేను మొదటిసారి ఏరకుండా, సైజు చూడకుండా పిల్లలు వేశాను. అమ్మినాయన అన్నీ ఒకే ఈనిక అన్నాడు, నేను నమ్మి సంచులు విప్పేశాను. మూడు వారాల తర్వాత ఒక పొద్దున గట్టు పక్కన ఒకటి తేలుతూ కనపడింది, నోట్లోంచి ఇంకో కొరమీను పిల్ల తోక బయటికి వేలాడుతోంది, మింగలేక, కక్కలేక రెండూ చచ్చాయి. ఆ చెరువులో చివరికి మిగిలినవి వేసినదాంట్లో చాలా తక్కువ, మిగిలినవన్నీ బాగా బలిసినవే. తోబుట్టువులను తిని బలిసినవి.

మేత వేసి పెంచితే ఎనిమిది పది నెలల్లో 600 గ్రాముల నుంచి కిలో దాకా వస్తుంది. చెరువులో తనంతట తాను తిని పెరగాలంటే అంతకంటే నెమ్మది. మీటరు పొడవు దాకా పెరుగుతుందని చెప్పుకుంటారు, మామూలు చెరువుల్లో అంతది కనపడటం అరుదు, కాబట్టి పెద్ద చేప కావాలన్న కోరికతో దీన్ని వేయకండి. వానాకాలంలో కొత్తనీరు తగిలితే తడి నేల మీద పాకుతూ వెళ్లిపోతుంది, చుట్టూ నడుమెత్తు వల కట్టాల్సిందే. చిన్న చెరువు, వెచ్చటి నీళ్లు, ఏరి మేపే ఓపిక ఉంటే కళ్లు మూసుకుని కొరమీను.

పండుగప్ప

వెచ్చటి నీళ్లలో వేగం కావాలంటే ఇదే. 26 నుంచి 30 డిగ్రీల మధ్య తింటూనే ఉంటుంది, 20 కిందికి జారితే మేత దాదాపు మానేస్తుంది, ఇంకా చల్లబడితే చస్తుంది. కాబట్టి చలికాలం నీళ్లు బాగా చల్లబడే చోట దీని గురించి ఆలోచించడమే అనవసరం.

దీనిలో నాకు అన్నిటికంటే నచ్చే గుణం, మంచినీళ్లలో పెరుగుతుంది కానీ పిల్లలు పెట్టదు. గుడ్లు పెట్టాలంటే ఉప్పునీళ్లు కావాలి. ముందు మగదిగా ఉండి, కొన్నేళ్లకు పెద్దదయ్యాక ఆడదిగా మారుతుంది, ఆ మార్పు చెరువులో జరిగినా పిల్లలు మాత్రం రావు. అంటే మీరు ఎన్ని వేస్తే అన్నే. వాటి సంఖ్య మీ చేతిలో ఉంటుంది, మేతచేప లెక్క తప్పదు. పిల్లలు పుట్టి పుట్టి చెరువంతా చిన్నచిన్న వేటచేపలతో నిండిపోయే గొడవ ఉండదు. బాస్‌తో పడే తలనొప్పిలో సగం ఇక్కడ లేదు.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో డ్యాముల వెనక జలాశయాల్లో దీన్ని ఏళ్ల తరబడి వేస్తూ వచ్చారు, అక్కడ దీని పేరు బారముండి. నదిలో కంటే జలాశయంలో ఇవి బాగా లావెక్కుతాయి, కారణం అక్కడ మధ్య సైజు మేతచేప పుష్కలంగా ఉండటమే. గేలానికి పడిన ప్రపంచ రికార్డు చేప 44.64 కిలోలది, 2010లో ఆ రాష్ట్రంలోని మండూరన్ జలాశయంలోనే దొరికింది. అదే రాష్ట్రంలో అవూంగా డ్యాము 2010-11 వరదల్లో పొంగినప్పుడు పెద్ద పెద్ద చేపలు గుంపులుగా గోడ మీంచి కిందికి పోయాయి. ఏళ్లపాటు మేపి పెంచిన చేపలు కొన్ని రోజుల్లో చేయి దాటిపోయాయి. కాబట్టి అలుగు పారే చెరువైతే పిల్లల ఖర్చు లెక్కకంటే ముందు అలుగు దగ్గర వల ఖర్చు లెక్క వేసుకోండి, ఎందుకంటే కొత్తనీటికి ఎదురెక్కడం, పారేనీటితో పోవడం రెండూ దీనికి సహజం.

పిల్లల దశలో ఇది కొరమీనుకంటే ఘోరం. తన పొడవులో మూడింట రెండు వంతులున్న తోబుట్టువును కూడా మింగగలదు. నర్సరీలో వారానికోసారి ఏరి, పెద్దవాటిని పెద్దవాటితో, చిన్నవాటిని చిన్నవాటితో వేయకపోతే సంఖ్య కళ్లముందే కరిగిపోతుంది. చెరువులో వేసేటప్పుడు కనీసం చేతివేలి పొడవు దాటినవి తీసుకోండి, అరచేతి పొడవున్నవి దొరికితే ఇంకా మంచిది. ఉప్పునీళ్లలో పుట్టిన పిల్లలైతే మంచినీటికి మెల్లగా అలవాటు చేశారా లేదా అని తప్పక అడగండి.

వాలుగ గురించి మొహమాటం లేకుండా

చిన్న చెరువులో వేయకండి. నోరు చూస్తేనే అర్థమవుతుంది, కంటి వెనక దాకా చీలిక. రాత్రిపూట తిరుగుతుంది, కార్ప్ పిల్లలు వేసిన చెరువులో ఒకటి రెండు వాలుగలు చేరినా పట్టుబడి రోజున లెక్క తప్పుతుంది. త్వరగా పెరుగుతుంది, నిజమే, కానీ ఆ పెరుగుదల మీ బొచ్చె, శీలావతి ఒంట్లోంచి వస్తోంది. తనవాళ్లను తినే అలవాటు కూడా విపరీతం, కాబట్టి ఒక్క వాలుగనే గుంపుగా పెంచడమూ కష్టం. పెద్ద జలాశయంలో సహజంగా ఉంటే ఉండనివ్వండి, అక్కడ దానికి చోటుంది. సహజ నీళ్లలో తగ్గిపోతున్న చేప అది, అక్కడ దాన్ని కాపాడటమే మంచి పని.

లార్జ్‌మౌత్ బాస్

చలినీ వేడినీ రెంటినీ తట్టుకునే వేటచేప కావాలంటే ఇది. పది డిగ్రీల కింద బద్ధకంగా ఉంటుంది, పాతిక దాటాక బాగా తింటుంది. నీళ్లు 16 డిగ్రీల పైకి వచ్చాక మగచేప అడుగున గుంట తీసి, గుడ్లను, పిల్లలను కాపలా కాస్తుంది. మేత వేసే పని లేకుండా, పిల్లలు మళ్లీ కొనే పని లేకుండా ఏళ్లతరబడి నడిచే చెరువు కావాలనుకునేవాళ్లకు ఇది ఒక దారి.

కానీ అదే దీని చిక్కు. పిల్లలు ఎక్కువ బతికితే ఒక్క సీజన్లో చెరువు నిండిపోతుంది, అన్నీ కలిసి చిన్న మేతచేపను ఊడ్చేస్తాయి, ఆ తర్వాత అన్నీ జానెడు, జానెడున్నర దగ్గర ఆగిపోతాయి. పట్టి చూస్తే తల మాత్రం పెద్దగా, ఒళ్లు కత్తిలా ఉంటుంది. అప్పుడు చాలామంది చిన్నవాటిని వదిలేసి పెద్దవాటిని తీసుకుపోతారు. సరిగ్గా తలకిందులు పని అది. ఆగిపోయిన చెరువులో తీయాల్సింది ఆ మధ్య సైజువాటినే, అదీ మొహమాటం లేకుండా ఎక్కువ సంఖ్యలో. కొన్ని పోతేనే మిగిలినవాటికి కడుపు నిండుతుంది.

బాస్ జీవితంలో ఒక మలుపు ఉంది, దాన్ని పట్టుకుంటే పెరుగుదల గుట్టంతా తెలుస్తుంది. పుట్టిన కొత్తలో నీటిపురుగులు, తర్వాత కీటకాలు, సుమారు ఐదు సెంటీమీటర్ల దగ్గర చేపకు మారుతుంది. మొదటి ఏడాదిలోనే చేప తినడం మొదలుపెట్టినవి తోటివాటిని వదిలి ముందుకు దూసుకెళ్తాయి, ఆలస్యమైనవి చలికాలం తట్టుకోవడానికి సరిపడా కొవ్వు లేక పోతాయి. అంటే ఆ కొన్ని వారాల్లో నీళ్లలో రెండు సెంటీమీటర్ల చేపపిల్లలు ఉన్నాయా లేదా అనేది అసలు ప్రశ్న. అందుకే అమెరికాలో బాస్ వేసే ముందు సీజన్లోనే బ్లూగిల్ వేస్తారు, ఒక బాస్‌కు పది బ్లూగిల్ చొప్పున. బ్లూగిల్ వేసవి పొడవునా విడతలు విడతలుగా గుడ్లు పెడుతుంది కాబట్టి ఎప్పుడు చూసినా అన్ని సైజుల పిల్లలూ ఉంటాయి. మేతచేపను ఎంచుకోవడంలో ఇదే కిటుకు. ఏడాదికొక్కసారి గుడ్లు పెట్టే చేపకంటే పలుమార్లు పెట్టేది మేలు.

గేలంతో పట్టిన పెద్ద బాస్‌లలో 1932లో జార్జియాలో దొరికినది, 2009లో జపాన్‌లోని బివా సరస్సులో దొరికినది సమానంగా రికార్డులో ఉన్నాయి, రెండూ పది కిలోల చిల్లర. బివా పేరు విన్నప్పుడు నాకు సంతోషం కంటే ఆందోళనే ఎక్కువ, ఎందుకంటే బాస్ అక్కడి చేప కాదు, బయటి నుంచి వచ్చి స్థానిక చేపలను దెబ్బతీసింది. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో 1950ల నుంచి వదిలిన నైల్ పెర్చ్ అనే వేటచేప అయితే 1980లకల్లా అక్కడి చిన్న సిక్లిడ్ (తిలాపియా కుటుంబపు) జాతులు ఎన్నిటినో తుడిచిపెట్టింది. పనామాలోని గటూన్ సరస్సులోకి 1967 ప్రాంతంలో పీకాక్ బాస్ అనే ఇంకో వేటచేప చేరాక కూడా అదే కథ. మీ చెరువు తూము, అలుగు ఏ వాగులో కలుస్తాయో అక్కడ లేని వేటచేపను తెచ్చి వేయడం తప్పు. ఈ విషయంలో నేను రాజీపడను, ఎంత త్వరగా పెరిగినా సరే. చాలాచోట్ల చట్టం కూడా ఒప్పుకోదు, ముందు కనుక్కోండి.

పైక్, జాండర్: చల్లటి నీళ్లవాళ్లకు

ఈ రెండు చల్లటి దేశాల వేటచేపల మధ్య ఎంచుకోవడం నిజానికి తేలిక. చెంబుతో నీళ్లు ముంచి చూడండి. తేటగా, అంచుల్లో నాచు, తుంగ ఉంటే పైక్. ఎప్పుడూ కలకగా ఉండి కలుపు లేకపోతే జాండర్.

పైక్ కదలకుండా మాటు వేస్తుంది. వెనక రెక్కలు తోక దగ్గరే ఉంటాయి కాబట్టి విల్లు వదిలినట్టు ఒక్క దూకుడులో పట్టేస్తుంది. దానికి కంటిచూపు, మాటు రెండూ కావాలి. చలి తగ్గాక మునిగిన గడ్డి మీద గుడ్లు పెడుతుంది, ఆడచేపలే పెద్దవవుతాయి. వేసవిలో నీళ్లు బాగా వేడెక్కి అడుగున ఆక్సిజన్ లేకపోతే పెద్ద పైక్‌లు ముందు పోతాయి, లోతైన చల్లటి చోటు లేని చెరువులో పెద్దవి నిలవవు. దీని విషయంలోనూ పట్టుబడి లెక్క బాస్ లాంటిదే. ఇంగ్లండ్‌లోని విండర్‌మియర్ సరస్సులో 1944 నుంచి పెద్ద పైక్‌లను వలలతో తీసేస్తే తర్వాత చిన్న పైక్‌లు పెరిగిపోయాయి. పెద్దవి చిన్నవాటిని తిని సంఖ్యను అదుపులో పెడతాయి. కాబట్టి పైక్ చెరువులో పెద్దవాటిని వదిలేయండి, తీస్తే చిన్నవి తీయండి.

జాండర్ కంటి వెనక వెలుతురును తిప్పికొట్టే పొర ఉంటుంది, మసక వెలుతురులో మేతచేపకు అది కనపడకముందే దీనికి మేతచేప కనపడుతుంది. గొంతు సన్నం, అందుకని సన్నటి చిన్నచేపలు నిలకడగా ఉండాలి, వెడల్పాటి కార్ప్ పిల్లలు పనికిరావు. ఆక్సిజన్ తగ్గితే తట్టుకోలేదు, చేత్తో పట్టుకుని ఎక్కువసేపు ఆడించినా చస్తుంది.

గుళికల మేతా, బతికిన చేపా?

చేపలు ఒత్తుగా వేసి పెంచేవాళ్లకు గుళికలే. మాంసాహార చేపల మేతలో ప్రొటీన్ 40 శాతానికి తగ్గకూడదు, బాగా తింటే కిలోన్నర మేతకు అటూఇటూగా కిలో చేప వస్తుంది. తేలే గుళికలు తీసుకోండి, ఎంత తిన్నదీ కళ్లతో కనపడుతుంది. అయితే చిన్నప్పుడే అలవాటు చేసిన పిల్లలు కావాలి. బతికిన చేపకు అలవాటుపడిన పెద్ద కొరమీను గుళిక వైపు తిరిగి చూడదు. కొనేటప్పుడు మీ ముందు గుళికలు వేయించి చూడండి, నీళ్లు మరిగినట్టు పైకొచ్చి తింటేనే తీసుకోండి. మేత తెల్లవారుజామున, సాయంత్రం వేసి, చురుకు తగ్గగానే ఆపేయాలి. సంచి మీద రాసిన రోజువారీ మేత శాతం చూసి మిగతాది కుమ్మరిస్తే అది అడుగున కుళ్లి రాత్రి ఆక్సిజన్ తినేస్తుంది.

కోసిన పచ్చిచేప చవగ్గా దొరుకుతుందని మొదలుపెట్టేవాళ్లుంటారు. నీళ్లు పాడవడం ఒక సమస్య, రోగాలు ఇంకోటి, మూడోది చాలామందికి తెలియదు: కొన్ని జాతుల పచ్చిచేపల్లో థయామినేజ్ అనే ఎంజైమ్ బీ1 విటమిన్‌ను నాశనం చేస్తుంది. నెలల తరబడి ఒకే రకం పచ్చిచేప పెడితే వేటచేప తిండి మాని, తూలుతూ ఈది చస్తుంది. వేరే దారి లేకపోతే రకాలు మార్చండి.

పెద్ద చెరువులో తక్కువ సంఖ్యలో వేసేవాళ్లకు మాత్రం బతికిన మేతచేపే మంచిది, ఖర్చు తక్కువ, నీళ్లు శుభ్రం. కాకపోతే వేటచేప కంటే ఒక సీజన్ ముందు మేతచేప దిగాలి. ఇప్పటికే పెద్ద వేటచేపలున్న నీళ్లలో కొత్త పిల్లలు వేస్తుంటే, లోపలున్న పెద్దదాని పొడవు చూసి దానిలో సగం కంటే పొడవైనవే వేయండి. లేకపోతే మీరు డబ్బు పెట్టి మేత వేస్తున్నట్టే.

వేశాక ఏం చూడాలి

రెండు నెలలకోసారి ఇరవై చేపలు పట్టి పొడవు, బరువు రాయండి. బరువును గ్రాముల్లో తీసుకుని వందతో హెచ్చవేసి, సెంటీమీటర్ల పొడవును మూడుసార్లు వేసి గుణించిన దాంతో (40 × 40 × 40 లాగా) భాగించండి. 40 సెంటీమీటర్ల చేప 800 గ్రాములుంటే 1.25 వస్తుంది. ఈ అంకెను ఒక జాతికి ఇంకో జాతితో పోల్చకండి, పైక్ ఒళ్లే సన్నం, దానికి తక్కువే వస్తుంది. అదే జాతి, అదే చెరువు, పోయినసారి కొలతతో పోల్చండి. పొడవు పెరుగుతూ ఈ అంకె పడిపోతుంటే మేతచేప సైజు తప్పిందని అర్థం.

పట్టినవాటిలో వండుకోవడానికి తీసిన ప్రతిదాని కడుపూ కోసి చూడండి, ఏముందో ఒక నోటుపుస్తకంలో రాయండి. ఖాళీ కడుపులు ఎన్ని, పురుగులున్నవి ఎన్ని, చేపలున్నవి ఎన్ని, ఆ చేపలు ఎన్ని సెంటీమీటర్లు. అరచేతంత వేటచేపల కడుపుల్లో చేపపిల్లలు కనపడుతుండగా, మోచేతంత వాటి కడుపుల్లో మాత్రం పురుగులే వస్తుంటే కొత్త పిల్లలు కొనడం ఆపి, మీ బొచ్చెలకూ చిరుచేపలకూ మధ్య సైజులో ఏ చేప నిలుస్తుందో వెతకడం మొదలుపెట్టండి.